నేర వార్తలో జాతి పేరు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

జాతి వివక్ష మీద మీ సంపాదకీయాలకు లోటేమీ లేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మనవాళ్ళ మీద దాడి జరిగితే మర్నాటి ఎడిట్ పేజీ గట్టిగానే నిలదీస్తుంది. మా ఫిర్యాదు సిటీ టాబ్లాయిడ్‌లో, జిల్లా ఎడిషన్లో రెండు మూడు కాలమ్‌లకు వచ్చే నేర వార్త మీద. సంపాదకీయం ఎందరు చదువుతారో మీకు మాకన్నా బాగా తెలుసు. ‘నైజీరియన్ ముఠా గుట్టురట్టు’ అన్న శీర్షిక మాత్రం టీ కొట్టు దగ్గర పేపరు తిరగేసేవాడి కంట కూడా పడుతుంది. టోలిచౌకిలో ఇల్లు అద్దెకివ్వాలా వద్దా అని యజమాని తేల్చుకునేది అలాంటి శీర్షికలు చూసే. మాలో కొందరం డెస్కుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళం, కొందరం జర్నలిజం పాఠాలు చెబుతున్నవాళ్ళం. అందుకే పని ఎక్కడ చెడుతోందో, ఎలా సరిచేయొచ్చో వివరంగానే రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే అలవాటు కొద్దీ కింది నుంచి కొట్టేయకండి, పనికొచ్చే మాటలు అక్కడే ఉన్నాయి.

మీడియా, జాతి విద్వేషం అనగానే తరగతి గదిలో రువాండా పాఠం వస్తుంది. ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో 1993 జూలైలో మొదలైంది. 1994లో వంద రోజులు సాగిన మారణకాండలో టుట్సీ తెగవాళ్ళ పేర్లు, వాళ్ళు దాక్కున్న చోట్లు చదివి వినిపించింది. ఆ రేడియో పెద్దలు ఇద్దరికీ, ‘కంగూర’ పత్రిక సంపాదకుడికీ అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2003 డిసెంబర్ 3న శిక్షలు వేసింది. చెప్పాల్సిన పాఠమే. కాకపోతే అది విన్న కుర్రాడు డెస్కుకొచ్చాక ‘మనం అలాంటివేం రాయంలే’ అని నిశ్చింతగా ఉంటాడు. నిజమే, తెలుగు పత్రికలో ఎవర్నీ చంపమని పిలుపు రాదు. ఇక్కడ జరిగేది చిన్న పని, రోజూ జరిగే పని. ఒక మనిషి చేసిన నేరాన్ని వాడి జాతి మొత్తం ఖాతాలో రాసేయడం.

అదెలా జరుగుతుందో ఒక నమూనా ప్రెస్‌నోట్‌తో చూద్దాం. కల్పించిందే గానీ, క్రైమ్ రిపోర్టర్లకు కొత్తగా కనిపించదు. ‘మత్తుమందుల ముఠాకు చెందిన ఆరుగురిని అరెస్టు చేశాం. 12 గ్రాముల ఎండీఎంఏ, ఆరు సెల్‌ఫోన్లు, ఒక బైకు స్వాధీనం. ఏ1 నైజీరియా జాతీయుడు, బెంగళూరులో ఉంటున్నాడు, వీసా గడువు ముగిసింది. ఏ2 నుంచి ఏ5 వరకు నగరవాసులు: ఒక ఐటీ ఉద్యోగి, ఒక ఈవెంట్ మేనేజర్, ఇద్దరు విద్యార్థులు. ఏ6 బెంగళూరు క్యాబ్ డ్రైవర్.’

ఇది సాయంత్రం పోలీసుల మీడియా వాట్సాప్ గ్రూపులో పడుతుంది. రిపోర్టర్ నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి డెస్కుకు పంపిస్తాడు. సబ్ ఎడిటర్ ముందు అలాంటివి ఇరవై ఉంటాయి, తొలి ఎడిషన్ పేజీ వదలాల్సిన టైము మీద పడుతుంటుంది. రెండు కాలమ్‌ల శీర్షికలో పట్టే అక్షరాలు కొన్నే. ‘మత్తుమందు అమ్ముతున్న ఆరుగురి అరెస్టు’ అంటే లైను దాటిపోతుంది, ‘నైజీరియన్ ముఠా’ అంటే ఇంకా చోటు మిగులుతుంది. చాలాసార్లు ఇందులో ద్వేషమేమీ ఉండదు, ఉండేది ఇరుకు మాత్రమే. మర్నాడు పేజీలో ‘నైజీరియన్ డ్రగ్స్ ముఠా గుట్టురట్టు’ అని పెద్దక్షరాలు. మొదటి పేరా అంతా ఏ1. మిగతా అయిదుగురు చివరి పేరాలో, అదీ చోటుంటే. కింద ఫొటో: ముసుగులేసిన నిందితులు, వెనక వరసగా పోలీసు అధికారులు, బల్ల మీద పొట్లాలు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆరుగురిలో అయిదుగురు భారతీయులు. కొన్నదెవరో, అమ్మిందెవరో, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో ప్రెస్‌నోట్‌లో లేదు, రిపోర్టర్ అడగలేదు. ఏ1 అంటే కేసులో మొదట రాసిన పేరు, అంతే. సూత్రధారి అని దానికి అర్థం లేదు. 12 గ్రాములంటే ఎక్కువో తక్కువో పాఠకుడికి తెలియదు. మత్తుమందుల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) కింద ఎండీఎంఏకు చిన్న పరిమాణం అర గ్రాము, వాణిజ్య పరిమాణం 10 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. హెరాయిన్‌కు 5, 250 గ్రాములు. గంజాయికి కిలో, 20 కిలోలు. చిన్న పరిమాణమైతే ఏడాది దాకా జైలు, వాణిజ్య పరిమాణమైతే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. ఈ నాలుగు జతల అంకెలు అట్ట మీద రాసి క్రైమ్ సబ్ బల్ల ముందు అతికిస్తే చాలు, ‘భారీగా’, ‘కోట్ల విలువైన’ అనే విశేషణాలు సగం రాలిపోతాయి. విలువ చెప్పినప్పుడు గ్రాముకు ఎంత కట్టారో అడగాలి. ఇంకో మెలిక ఉంది. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కల్తీ కలిసిన మిశ్రమం మొత్తం బరువునూ లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి 12 గ్రాముల్లో అసలు మందు ఎంతో ఫోరెన్సిక్ నివేదిక వచ్చేదాకా తెలియదు.

అదే వార్తను ఇలా రాయొచ్చు: ‘12 గ్రాముల ఎండీఎంఏ.. ఆరుగురి అరెస్టు’. కింద చిన్నక్షరాల్లో ‘నిందితుల్లో ఐటీ ఉద్యోగి, ఇద్దరు విద్యార్థులు’. మొదటి పేరాలో ఎక్కడ, ఎప్పుడు, ఏ సెక్షన్లు, పరిమాణం చట్టం లెక్కలో ఏ తరగతి. రెండో పేరాలో ఆరుగురి వివరాలు ఒకే వరసలో, ఒకే కొలతలో. అందరికీ వృత్తి రాస్తే ఏ1కీ వృత్తే రాయాలి. అతని దేశం పేరు వార్తలో రాకూడదని మేమనడం లేదు. విదేశీయుణ్ణి అరెస్టు చేస్తే, అతను కోరినప్పుడు వాళ్ళ దౌత్య కార్యాలయానికి తెలియజేయాలని 1963 వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం చెబుతుంది. తెలియజేశారా అని అడిగి, ఆ వాక్యంలో దేశం పేరు రాయండి. అక్కడ అది సమాచారం. శీర్షికలో రాస్తే నిందితుల జాబితాలో లేనివాళ్ళ మీద కూడా అది ముద్ర.

వీసా సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన వార్తల్లో అన్నిటికన్నా అడ్డంగా రాసేది అదే. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చిన విద్యార్థి 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) దగ్గర నమోదు కావాలి. ఇప్పుడది ఆన్‌లైన్‌లోనే. విదేశీయుడు దిగిన 24 గంటల్లోగా ఇంటి యజమాని ఆ సంగతి తెలిపే ఫారం (2025 దాకా దాని పేరు ఫారం-సీ) నింపాలి. పొడిగింపుకు కాలేజీ బోనఫైడ్ కావాలి, చిరునామా రుజువు కావాలి. ఆఫ్రికా విద్యార్థికి ఇల్లిచ్చే యజమాని చాలాచోట్ల అద్దె ఒప్పందం రాయడు, ఆ ఫారం జోలికి పోడు, అద్దె మాత్రం ఎక్కువ తీసుకుంటాడు. రుజువు లేక పొడిగింపు ఆగుతుంది. గడువు దాటుతుంది. ఓ రోజు తనిఖీల్లో దొరుకుతాడు, పత్రికలో ‘అక్రమంగా తిష్ఠ వేసిన నైజీరియన్లు’ అని వస్తుంది. అది చూసి మరో యజమాని ఒప్పందం రాయనంటాడు. ఇంకొకటి. కేసు నడుస్తున్న విదేశీయుడు అది తేలేదాకా దేశం వదిలి వెళ్ళలేడు. ఈలోపు గడువు ముగిస్తే ‘వీసా ముగిసినా ఉంటున్నాడు’ అని అతన్నే మళ్ళీ రాస్తారు. రిపోర్టర్ అడగాల్సినవి మూడే: ఏ వీసా, ఎప్పుడు ముగిసింది, పొడిగింపు దరఖాస్తు పెండింగ్‌లో ఉందా.

మనవాళ్ళ విషయంలో ఈ మూడు ప్రశ్నలూ ఎంత ఓపిగ్గా వేశామో గుర్తుందిగదా. 2019 జనవరి ఆఖర్లో అమెరికాలో ‘ఫార్మింగ్టన్ యూనివర్సిటీ’ వ్యవహారం బయటపడింది. మిషిగన్‌లో ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో ఎక్కువమంది తెలుగువాళ్ళు. తెలుగు మీడియా ఆ రోజుల్లో విద్యార్థుల తల్లిదండ్రులతో మాట్లాడింది, ఇమిగ్రేషన్ లాయర్లతో మాట్లాడింది, సీపీటీ (చదువుకుంటూనే పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) అంటే ఏమిటో విడమరిచి చెప్పింది, ప్రభుత్వమే వల పన్నడం న్యాయమా అని అడిగింది. భారత ప్రభుత్వం అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన తెలిపింది. మంచి పనే, జర్నలిజం అలాగే ఉండాలి. టోలిచౌకిలో పట్టుబడిన సూడాన్ కుర్రాడికి అందులో పదోవంతు ఓపిక దక్కితే చాలు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పుడు పోలీసులు తేల్చేదాకా ఆగకుండా అది జాత్యహంకార హత్యేనని తెలుగు మీడియా తొలిరోజే అంది. ‘నా దేశం నుంచి పో’ అని హంతకుడు అరిచినట్టు సాక్షులు చెప్పారు కాబట్టి అనడంలో తప్పు లేదు. 2018లో ఫెడరల్ కోర్టు విద్వేష నేరంగానే తేల్చి యావజ్జీవం వేసింది. ఆ హత్యకు అయిదు వారాలు నిండకముందే గ్రేటర్ నోయిడాలో ఇంకోటి జరిగింది. ఇంటర్ వయసు కుర్రాడొకడు కనిపించకుండా పోయాడు. పక్కనుండే నైజీరియా విద్యార్థులు అతన్ని తినేశారని వదంతి. జనం వాళ్ళింట్లో జొరబడి ఫ్రిజ్ కూడా తెరిచి చూశారు. కుర్రాడు మర్నాడు తిరిగొచ్చాడు, ఆస్పత్రిలో చనిపోయాడు. మత్తుమందు మోతాదు మించిందని అనుమానించారు. అయిదుగురు నైజీరియన్ల మీద కేసు పెట్టి, ఆధారాల్లేక వదిలేశారు. అయినా మార్చి 27న సంతాప ప్రదర్శన కాస్తా దాడిగా మారింది. ఓ మాల్‌లో నల్లగా కనిపించిన విద్యార్థిని కుర్చీలతో కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులు ఇది జాతి విద్వేషమేనని, ఐక్యరాజ్య సమితి మానవహక్కుల మండలి విచారించాలని ప్రకటించారు. మన ప్రభుత్వం మాత్రం దర్యాప్తు తేలకుండా జాతి దాడి అనకూడదంది. చాలా పత్రికలు ఆ మాటకు తలూపాయి. ఏడాది ముందు, 2016 జనవరి 31న, బెంగళూరు శివార్లలో సూడాన్ విద్యార్థి కారు తగిలి ఒక మహిళ చనిపోతే, ఆ కారుతో ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థిని మీద గుంపు పడింది. అక్కడా ముందు వినిపించిన మాట ‘ఇది రోడ్డు ప్రమాదం తాలూకు ఆవేశం’ అనే. జాతిని ఎప్పుడు రాయాలన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు ఘటనల్లోనే ఉంది. దాడికి కారణం జాతి అయినప్పుడు రాయకపోవడం దాచడమే.

పరారీలో ఉన్నవాడి ఆనవాళ్ళు ఇచ్చేటప్పుడూ ఇదే తూకం. ఎత్తు, వయసు, చొక్కా రంగు, మచ్చ, నడక, బండి నంబరు లాంటివి నాలుగైదు ఉండి, వాటితో మనిషిని గుర్తుపట్టొచ్చు అనుకుంటే రూపురేఖలు రాయండి. ‘ఆఫ్రికన్ యువకుడు’ అన్నది ఒక్కటే ఉంటే అది ఆనవాలు కిందికి రాదు. ఆ పేటలో ఉన్న ప్రతి విద్యార్థినీ అనుమానితుణ్ణి చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇదంతా పరాయి దేశాలవాళ్ళ గొడవ అనుకునేవాళ్ళకు ఇంటి సంగతి చెప్పాలి. 2018 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ‘పార్థీ గ్యాంగ్’ భయం పాకింది. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని, అవయవాలు కోస్తున్నారని వాట్సాప్‌లో వీడియోలు. బిచ్చగాళ్ళను, హిందీ మాట్లాడేవాళ్ళను, మతిస్థిమితం లేనివాళ్ళను కొట్టారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు చంపేసింది. అన్నీ వదంతులేనని పోలీసులు మొత్తుకుంటూనే ఉన్నారు. అయితే ఆ వదంతికి పేరు వాట్సాప్‌లో పుట్టలేదు. పార్థీలు ఒక సంచార తెగ. దోపిడీ జరిగిన ప్రతిసారీ ‘పార్థీ గ్యాంగ్ పనే?’ అని ఏళ్ళ తరబడి అచ్చేసింది మనమే. వాట్సాప్ ఆ సరుకునే వాడుకుంది. ‘చెడ్డీ గ్యాంగ్’ అన్న పేరు కాస్త నయం, అది వేషాన్ని బట్టి పెట్టిన పేరు. అక్కడ కూడా మూడో పేరాకు వచ్చేసరికి ఫలానా జిల్లా, ఫలానా తెగ అని రాసి ఆ నయాన్ని పోగొట్టుకుంటున్నాం.

స్టువర్టుపురం మాటేమిటి? బాపట్ల జిల్లాలోని ఆ ఊరు 1913లో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చిపెట్టిన సెటిల్‌మెంట్. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్‌ది. పుట్టుకతోనే మనిషిని దొంగ జాబితాలో చేర్చిన ఆ చట్టం 1871లో మొదలై 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ‘స్టువర్టుపురం దొంగలు’ అనే శీర్షిక పోలేదు. ఆ ఊళ్ళో టీచర్లున్నారు, ఉద్యోగులున్నారు, రైతులున్నారు. వాళ్ళ పిల్లలు కాలేజీలో ఊరి పేరు చెప్పడానికి వెనకాడతారు. జాతి వివక్ష నిర్మూలనపై అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 1968లో ఆమోదించింది. ఆ ఒప్పందం మొదటి అధికరణంలో రంగుతో పాటు పుట్టుక కూడా ఉంది. అందుకే ఎరుకలను, పార్థీలను, నైజీరియన్లను ఒకే ఉత్తరంలో చేర్చి రాస్తున్నాం. డెస్కులో జరిగే తప్పు ఒక్కటే.

మీడియా ఈ ముద్రను చెరపగలదనడానికి కూడా దగ్గరి ఉదాహరణే ఉంది. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచుతున్నారని, విముక్త జాతులవాళ్ళను (ఒకప్పుడు నేరస్థ తెగల జాబితాలో ఉన్నవాళ్ళను) పుట్టు నేరస్థులుగా చూస్తున్నారని సుకన్యా శాంత అనే జర్నలిస్టు రాష్ట్రాల జైలు మాన్యువళ్ళు తిరగేసి రాశారు. రాసి ఊరుకోకుండా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2024 అక్టోబర్ 3న కోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది, విముక్త జాతులవాళ్ళను ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు చెప్పింది. ఆ కథనానికి ముడిసరుకు ఎవరికైనా దొరికే నిబంధనల పుస్తకాలే. మన జైళ్ళ మాన్యువల్ తెరిచి చూసిన తెలుగు రిపోర్టర్లు ఎందరో మీరే అడిగి చూడండి.

వదంతిని ఖండించే వార్తకు ఒక పద్ధతి ఉంది, మనవాళ్ళు దాన్ని తలకిందులుగా చేస్తారు. ‘పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందా?’ అని శీర్షిక పెట్టి, వైరల్ ఫొటో అంత పెద్దది వేసి, ఆరో పేరాలో ‘అవన్నీ అవాస్తవాలని ఎస్పీ తెలిపారు’ అంటారు. చదివినవాడికి గుర్తుండేది ఫొటో. మొదటి వాక్యంలోనే తేలిన నిజం ఉండాలి, ఎవరు తేల్చారో ఉండాలి. వదంతిని మధ్యలో ఒక్కసారి, రక్తం కారే వర్ణనలు తీసేసి చెప్పాలి. తర్వాత మళ్ళీ నిజం, ఈసారి ఊళ్ళో సరిచూసుకోగలిగిన వివరంతో: ఈ నెల జిల్లాలో అపహరణ కేసులు ఎన్ని నమోదయ్యాయి, ఆ వీడియో అసలు ఎక్కడిది, ఎప్పటిది. ఫొటో వేయక తప్పకపోతే ‘అబద్ధం’ అన్న ముద్ర బొమ్మ మొత్తం మీదుగా అడ్డంగా ఉండాలి. మూలన చిన్నగా వేస్తే క్రాప్ చేసి మళ్ళీ పంపిస్తారు. ఇంకా పాకని వదంతిని అసలు ముట్టుకోకూడదు. 2012 ఆగస్టులో అస్సాం అల్లర్ల తర్వాత, తమ మీద దాడులు జరుగుతాయన్న వదంతితో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు బెంగళూరు నుంచి, కొంతవరకు హైదరాబాద్ నుంచి కూడా రైళ్ళెక్కి వెళ్ళిపోయారు. కేంద్రం రోజుకు అయిదు ఎస్‌ఎంఎస్‌లు మించకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో స్టేషన్‌లో జనాన్ని గంటల తరబడి లైవ్‌లో చూపించిన చానెళ్ళు అబద్ధమేమీ చెప్పలేదు. ఇంట్లో కూర్చుని చూసినవాడికి మాత్రం ‘అందరూ పోతున్నారు, నేనే మిగిలాను’ అనిపించింది. అదే సమయంలో మామూలుగా పనికి వెళ్ళినవాళ్ళను, తోడుగా నిలిచిన ఇరుగుపొరుగును చూపించి ఉంటే అదీ నిజమే అయ్యేది.

2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి చేసిన పని పత్రికలు కాపీ కొట్టదగ్గది. ఊళ్ళకు పోలీసుల్ని అప్పగించారు, వాళ్ళు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, కళాకారులు పాటలతో, డప్పుతో వదంతుల గుట్టు చెప్పారు. ఆ జిల్లాలో మూకదాడి చావు ఒక్కటీ జరగలేదు. మీకు మండలానికొక కంట్రిబ్యూటర్ ఉన్నాడు. ఊళ్ళో తిరుగుతున్న వీడియోను అతను డెస్కుకు పంపడానికి, డెస్కు గంటలో జవాబు చెప్పడానికి ఒక నంబరు పెడితే చాలు.

ఓలేథ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆ ఊరు కాన్సస్ సిటీకి శివారు పట్టణం. ఆ నగరం పత్రిక ‘కాన్సస్ సిటీ స్టార్’ 1880లో పుట్టింది. 2020 డిసెంబర్‌లో తన పాత సంచికలన్నీ తనే తవ్వుకుని, నల్లవాళ్ళకు తను చేసిన అన్యాయాన్ని ఆరు భాగాలుగా అచ్చేసి క్షమాపణ చెప్పింది. ఉత్త పశ్చాత్తాపంతో ఊరుకోలేదు, లెక్కలు బయటపెట్టింది. 1977 వరదల్లో 25 మంది చనిపోతే పత్రిక దృష్టంతా ఖరీదైన షాపింగ్ ప్రాంతంలో ఆస్తి నష్టం మీదే నిలిచింది. చనిపోయినవాళ్ళలో ఎనిమిది మంది నల్లవాళ్ళు. ఆ ఊళ్ళో పెరిగి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌కు బతికుండగా చెప్పుకోదగ్గ శీర్షికే దక్కలేదు. చనిపోయాక వేసిన వార్తలో పేరు తప్పు, వయసు తప్పు. ఈ చివరి ముక్క మాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది. పట్టించుకోనివాళ్ళ పేర్లు ఎప్పుడూ తప్పుగానే అచ్చవుతాయి. మన పేజీల్లో విదేశీ విద్యార్థుల పేర్లు ఒకే వార్తలో రెండు రకాలుగా రావడం మీరూ చూసే ఉంటారు.

అలాంటి తనిఖీ మీరు నెల రోజుల్లో చేయొచ్చు. గడిచిన ఏడాది సిటీ ఎడిషన్ తీసుకోండి. ఈ-పేపర్‌లో వెతికితే చాలాసార్లు దొరకదు. పేజీలు బొమ్మలుగా ఉంటాయి, కొన్నిచోట్ల యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్‌ల పాత టెక్స్టు ఉంటుంది. వెబ్‌సైట్ యూనికోడ్ నుంచి లాగాలి. నైజీరియన్, నైజీరియా దేశస్థుడు, ఆఫ్రికన్, నల్లజాతీయుడు, సూడాన్, సోమాలియా, పార్థీ, స్టువర్టుపురం, అన్ని స్పెల్లింగులూ వెతకండి. దొరికిన ప్రతి వార్తకూ ఒక వరుస: నేరమా, వేరే వార్తా, శీర్షికలో జాతి పేరు ఉందా, నిందితులు ఎందరు, అందులో విదేశీయులు ఎందరు, పోలీసులు కాక ఇంకెవరైనా మాట్లాడారా, తర్వాత కేసు ఏమైందో రాశామా. ఇద్దరు సబ్ ఎడిటర్లు తొలి 50 వార్తలను విడివిడిగా నింపి సరిపోల్చుకోవాలి, తేడా వచ్చినచోట నిర్వచనం గట్టి చేసుకోవాలి. లేకపోతే చివరి అంకెలు ఎవరి ఇష్టం వాళ్ళవి అవుతాయి. ‘వేరే వార్త’ గడి దాదాపు ఖాళీగా ఉంటుందని మా అనుమానం. ఉస్మానియాలోనూ, ఇఫ్లూలోనూ ఆఫ్రికా విద్యార్థులు చదువుతున్నారు. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని రోజూ పిలిచే పేటకు ఆ పేరు నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది, ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. పెళ్ళి బరాత్‌లో వాళ్ళ మర్ఫా వాద్యం మోగితే ఊగని హైదరాబాదీ లేడు. ఇంత సరుకు పక్కన పెట్టుకుని, వాళ్ళు పేపర్లో కనిపించేది బల్ల మీద పొట్లాల వెనకే.

పెళ్ళిళ్ళ ప్రకటనల పేజీలో ‘తెల్లని, అందమైన’ సంగతి కూడా ఉంది. అది ఆదాయం కాబట్టి దాని జోలికి ఎవరూ రారని తెలుసు. 2020లో ఒక పెద్ద పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్ రంగును బట్టి వెతికే సదుపాయం తీసేసింది, దాని వ్యాపారం ఆగలేదు. అంతవరకే చెబుతాం.

పాఠకులకు కూడా కొంత పని ఉంది. అభ్యంతరకరమైన వార్త కనిపిస్తే ముందు సంపాదకుడికి రాయాలి. జవాబు రాకపోతే, లేదా నచ్చకపోతే, దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోగా ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాలి. వార్త కత్తిరింపు, సంపాదకుడికి రాసిన ఉత్తరం ప్రతి జతచేయాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు, మందలించగలదు. టీవీ చానెల్‌పై అయితే ముందు చానెల్‌కే రాయాలి, వాళ్ళు 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే చానెళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు. వాటిలో ఏదైనా కోర్టు కేసు కన్నా తక్కువ ఖర్చే.

నిందితుల్ని కెమెరాల ముందు నిలబెట్టొద్దని కేంద్ర హోంశాఖ 2010 ఏప్రిల్ 1నే పోలీసులకు చెప్పింది. మీడియా సమావేశాలకు నియమావళి తయారుచేయాలని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. పోలీసులు పిలిచారు కాబట్టి వెళ్ళాం అనే జవాబు ఇక చెల్లదు. వెళ్ళినా ఫొటో వేయాలా వద్దా అన్నది మీ చేతిలోనే ఉంది.

చివరగా, తర్వాతి వార్త. ఎన్‌డీపీఎస్ కేసులో వాణిజ్య పరిమాణమైతే అభియోగపత్రానికి 180 రోజుల గడువు ఉంటుంది. అరెస్టు వార్త అచ్చయిన రోజే ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు డెస్కు డైరీలో రాసి, 180వ రోజు మీద గుర్తు పెట్టండి. కోర్టుకు చేరాక కేసుకు 16 అంకెలు, అక్షరాలు కలిసిన సీఎన్ఆర్ నంబరు వస్తుంది. ఈ-కోర్ట్స్ సైట్‌లో అది కొడితే వాయిదాలన్నీ కనిపిస్తాయి, రిపోర్టర్ కోర్టుకు వెళ్ళక్కర్లేదు. కేసు కొట్టేస్తే అరెస్టు వార్త వచ్చిన పేజీలోనే, అంత సైజులోనే వేయండి. వెబ్‌సైట్‌లో పాత వార్త పైన కూడా ఒక పేరా చేర్చండి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. శీర్షిక మార్చినా లింకులో ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న పాత శీర్షిక అలాగే ఉండిపోతుంది, గూగుల్ చాన్నాళ్ళు దాన్నే చూపిస్తుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ కూడా అంతే, వీడియో పేరు మార్చితే అది దానంతటది మారదు. లింకును కొత్తదానికి మళ్ళించడం, థంబ్‌నెయిల్ తీసి వేరేది పెట్టడం మీ వెబ్ డెస్కుకు పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరి డ్యూటీయో షిఫ్టు చార్టులో రాసి పెట్టండి.

ఇట్లు,
కొందరు మాజీ సబ్ ఎడిటర్లు, జర్నలిజం అధ్యాపకులు
హైదరాబాద్